పగటి నిద్ర

దుప్పటి లాగి చూస్తే మంచం మీద మనిషి లేడు.

రెండు దిండ్లు నిలువునా పడుకుని ఉన్నాయి. తలవైపున తువ్వాలు ఉండచుట్టి పెట్టి ఉంది. తలుపు ఓరగా తీసి చూసేవాళ్లకి అది గోడవైపు తిరిగి పడుకున్న పాండురంగారావు తలకాయే.

నాగరత్నం దుప్పటి అంచు పిడికిట్లో పట్టుకుని నిలబడిపోయింది. కిటికీలకి తాను కొలతలిచ్చి కుట్టించిన నల్ల తెరలు వెలుతురు చుక్కని లోపలికి రానివ్వడం లేదు. పైన ఫ్యాను హాయిగా తిరుగుతోంది. ఆ గాలంతా దిండ్లకే.

"లేచారాండి అన్నయ్యగారు?" అని వరండాలోంచి జోగారావు అడిగాడు.

తాడేపల్లిగూడెంలో వాళ్ల వీధి వీధంతటికీ తెలుసు, పాండురంగారావు హైదరాబాదు నైట్ సర్వీసు డ్రైవరని. ఒక రాత్రి బస్సు తీసుకెళ్లి, మర్నాటి రాత్రి అక్కడ బయల్దేరి తెల్లారేసరికి తిరిగొస్తాడని, ఆ పగలు పడుకుని సాయంత్రం మళ్లీ ఎక్కుతాడని. ఆ పగటి నిద్ర కోసం నాగరత్నం చెయ్యని యుద్ధం లేదు. పక్కింటి సుబ్బలక్ష్మి గోడవతల రోట్లో కారం దంచుతోందని పోట్లాడింది. అప్పట్నుంచి ఇద్దరికీ మాటల్లేవు. కూరగాయల బండివాణ్ని సందు మొదట్లోనే నోరు మూయించింది. తాను నడిపే అంగన్‌వాడీ కేంద్రం పక్క వీధిలోనే. మధ్యాహ్నం భోజనానికి వచ్చినప్పుడు ఓరగా తలుపు తీసి, దుప్పటి కింద ఆకారాన్ని చూసి, తృప్తిగా మునివేళ్ల మీద వెనక్కి వచ్చేది. కంచంలో గరిటె తగిలితే ఎక్కడ మెలకువ వస్తుందోనని చేత్తోనే వడ్డించుకుని తినేది.

ఎవరి నిద్ర చెడకూడదని? దిండ్లది.

ఆ మాట మనసులో మెదిలేసరికి ఆవిడ దిండ్లు రెండూ తీసి నేలకేసి కొట్టింది.

జోగారావు ఆ చప్పుడుకి గుమ్మం దాకా వచ్చి, ఖాళీ మంచం చూసి తల దించుకున్నాడు. ఆయన ఆ బస్సు కండక్టరు. పొద్దున్నే డ్యూటీ దిగి, ఇంటికి పోయి స్నానం చేసి, మనసాగక అంగన్‌వాడీ కేంద్రం గేటు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. అన్నయ్యగారిని లేపాలి, మీరూ ఎదురుగా ఉండగా ఒక మాట చెప్పాలి అన్నాడు. పిల్లల్ని ఆయాకి అప్పజెప్పి ఆవిడ వెంట వచ్చింది. తీరా వస్తే లేపడానికి మనిషే లేడు.

"చెప్పండి జోగారావుగారూ. ఆయన లేకపోతేనేం, నేనున్నాను" అంది నాగరత్నం.

కుర్చీ వేసినా ఆయన కూర్చోలేదు. నుంచునే, గోడ మీది క్యాలెండరు వంక చూస్తూ చెప్పాడు. ముందు చిన్న విషయం చెప్పాడు. నాలుగు నెలల కిందట డిపోవాళ్ల వార్షిక వైద్య పరీక్షలో పాండురంగారావుకి షుగరూ, బీపీ రెండూ ఎక్కువున్నాయని తేలిన సంగతి ఇద్దరికీ తెలిసిందే. వచ్చేసారీ ఇలాగే ఉంటే స్టీరింగు ముట్టుకోనివ్వమని డాక్టరు తేల్చి చెప్పాడు. ఆ రోజు నుంచి నాగరత్నం డ్యూటీ సంచిలో డబ్బా పెట్టి పంపుతోంది. జొన్నరొట్టెలు, ఆకుకూర పప్పు, ఉడికించిన గుడ్డు, ఓ చిన్న సీసాలో పల్చటి మజ్జిగ. రాత్రి మేలుకునే మనిషికి కడుపు తేలిగ్గా ఉండాలని, బరువైన తిండి పడితే కళ్లు మూతలు పడతాయని ఎక్కడెక్కడో అడిగి తెలుసుకుని మరీ పెట్టింది.

"ఆ డబ్బా నాలుగు నెలలుగా నేను తింటున్నానండి వదినగారూ" అన్నాడు జోగారావు. "నా బెల్టు రెండు బెజ్జాలు లోపలికొచ్చింది."

మరి ఆయన ఏం తింటున్నాడని ఆవిడ అడగలేదు. జోగారావే చెప్పాడు. దారిలో బస్సు ఆపే హోటల్లో డ్రైవరుకీ కండక్టరుకీ లోపల వేరే బల్ల ఉంటుంది. జనాన్ని దింపినందుకు మర్యాద అది. పరోటాలూ, కోడి వేపుడూ, ఆపైన గిన్నెడు పెరుగన్నం. మీకు వద్దన్నారు కదండీ అంటే, రాత్రంతా బస్సు లాగేవాడికి గడ్డి పెడితే సరిపోతుందా అని నవ్వేసేవాట్ట.

తిండి దొంగతనం ఆవిడ ఊహించనిది కాదు. పెద్ద విషయం ఇంకా రాలేదని ఆవిడకి తెలుస్తూనే ఉంది. ఒక డబ్బా కోసం డ్యూటీ దిగిన మనిషి నిద్ర మానుకుని రాడు.

"ఇవాళ తెల్లారగట్ల పుళ్ల దగ్గర..." అని జోగారావు ఆగాడు.

పుళ్ల ఊరు దాటగానే బస్సు రోడ్డు దిగిపోయిందిట. ఎడమ పక్క చక్రాలు మార్జినులోకి జారి, కంకర ఎగిరి అడుగున రాళ్ల వాన కురిసినట్టు చప్పుడైంది. జోగారావు ముందు సీట్లోంచి లేచి అరిచాడు. పాండురంగారావు ఉలిక్కిపడి స్టీరింగు తిప్పాడు. పక్కనే పంటకాలవ. జనం అంతా నిద్రలో ఉన్నారు. ఒకరిద్దరు కళ్లు తెరిచి, గుంట కాబోలనుకుని మళ్లీ పడుకున్నారు. గూడెం వచ్చేదాకా ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

"ఇది రెండోసారండి. మొదటిసారి ఎవరికీ చెప్పద్దని నా చెయ్యి పట్టుకున్నారు. అన్నలాంటి మనిషి, ఊరుకున్నాను. నాకూ పిల్లలున్నారండి. ఈ సాయంత్రం ఆయనే ఎక్కితే నేను బెల్లు కొట్టను. ఆ మాట ఆయన ముఖం మీదే చెబుదామని వచ్చాను."

చెప్పవలసింది చెప్పేసి జోగారావు చెప్పులేసుకున్నాడు. మంచినీళ్లు కూడా పుచ్చుకోలేదు.

ఆయన వెళ్లాక నాగరత్నం కేంద్రానికి తిరిగి వెళ్లలేదు. వీధి తలుపు ఎప్పటిలా బయటినుంచి తాళం పెట్టి, పెరటి దారిన లోపలికొచ్చింది. దిండ్లు తీసి బీరువా మీదికి విసిరేసింది. చీకటి గదిలో, దిండ్లు ఉన్నచోట తాను కూర్చుంది.

కూర్చుందే గాని నిలకడ లేదు. నాలుగు నెలల సంగతులన్నీ ఒక్కొక్కటే వచ్చి ఎదురుగా నిలబడ్డాయి. మోటారుసైకిలు డిపో స్టాండులో పెట్టి నడిచొస్తున్నాను, నడక మంచిదన్నాడుగా డాక్టరు అంటే, తాను ఎంత సంబరపడింది. దారి కాస్త చుట్టూ తిరిగి రండి, ఇంకా మంచిది అని సలహా కూడా ఇచ్చింది. ఇంట్లోంచి చప్పుడు కాకుండా బయటపడడానికే ఆ బండి స్టాండులో ఉందని ఇప్పుడు తెలిసింది. భీమవరం హాస్టల్లో ఉన్న కూతురు తేజశ్రీతో ఫోనులో, మీ నాన్న దార్లో పడ్డాడమ్మా అని గొప్పలు చెప్పింది. చెప్పిన ప్రతి మాటా ఇప్పుడు తిరిగొచ్చి చెంప మీద కొడుతోంది.

మధ్యాహ్నం ఎండ పెరట్లో పల్చబడుతుండగా వెనక తలుపు గడియ మెల్లగా కదిలింది. తీసే చేతికి అలవాటైన పని అది. కిర్రుమనకుండా తలుపుని కాస్త పైకెత్తి మరీ తీశాడు. తొట్టి దగ్గర నీళ్ల చప్పుడు. తర్వాత తడి కాళ్ల అడుగులు.

చీకట్లోకి వచ్చిన పాండురంగారావు దిండ్లు తీద్దామని వంగి చెయ్యి చాపాడు. ఆ చెయ్యి నాగరత్నం భుజానికి తగిలింది.

మనిషి రెండడుగులు వెనక్కి పడి తలుపుకి కొట్టుకున్నాడు.

"ఎక్కడినుంచండీ?" అందావిడ.

నిద్ర పట్టకపోతే కాలవ గట్టు దాకా నడిచొచ్చానన్నాడు.

"కాలవ గట్టున నడిస్తే ఒంటికి తవుడు వాసన వస్తుందా అండి?"

ఆవిడ లేచి తెర ఒక్క గుంజు గుంజింది. తెర తాడుతో సహా ఊడి చేతిలోకొచ్చింది. వెలుగు మీద పడేసరికి ఆయన కళ్లకి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. మడిచిన ప్యాంటు అంచులకి బురద. చొక్కా మీద తవుడు, వేరుశనగచెక్క పొడి. అది చేపల మేత వాసన. కొల్లేటి పక్కన పుట్టి పెరిగిన నాగరత్నానికి ఒకరు చెప్పాలా?

ఏ చెరువని ఆవిడ నోరు తెరిచేలోగానే ఆయన చొక్కా జేబులో సెల్ ఫోను మోగింది. ఆయన దాని మీద చెయ్యి వేసుకున్నాడు. నాగరత్నం ఆ చేతిని తీసి అవతల పెట్టి, ఫోను తీసుకుని, మీట నొక్కి చెవి దగ్గర పెట్టుకుంది.

"బావగారూ, చేరారా? ఎల్లుండి తెల్లారే వల దింపుతున్నారు. డ్యూటీ దిగి తిన్నగా ఇటే వచ్చెయ్యండి. అక్కకి ఏదో ఒకటి చెప్పండి" అంది అవతలి గొంతు.

ఆ గొంతు నిత్యానందానిది. నాగరత్నం సొంత తమ్ముడు.

"అక్కనే మాట్లాడుతున్నానురా" అంది నాగరత్నం.

అవతల గాలి చప్పుడు తప్ప మరేమీ వినపడలేదు. తర్వాత అదీ ఆగిపోయింది.

ఆవిడ ఫోను మంచం మీద పడేసింది. మూడేళ్ల కిందట నిత్యానందం నిడమర్రు అవతల చేపల చెరువు వేసినప్పుడు బావ డబ్బు కూడా అందులోకి దింపాడు. ఒక మబ్బు రాత్రి గాలి ఆడక చేపలన్నీ తెల్లారేసరికి తెల్లగా తేలిపోయాయి. ఆ తర్వాత ఇంట్లో కొన్నాళ్లు ఎలా గడిచిందో ఆవిడ మళ్లీ తలుచుకోదు. అప్పుడు ఇద్దర్నీ ఎదురుగా కూర్చోబెట్టి, ఇక చెరువు మాట ఈ ఇంట్లో వినపడకూడదని మాట తీసుకుంది. ఇద్దరూ సరేనన్నారు. ఇప్పుడు ఆ ఇద్దరూ కలిసి, తన తోడబుట్టినవాడూ, తాను కట్టుకున్నవాడూ, తన చేత దిండ్లకి కాపలా కాయించారు.

"వాడు అడిగాడా, మీరే వెళ్లారా?"

మొదట వాడే అడిగాడన్నాడు పాండురంగారావు. నాలుగు నెలల కిందట కాపలా మనిషి జ్వరం పడ్డాడని, వారం రోజులు మేత దగ్గర నిలబడమని. ఆ వారం అయిపోయాక తనంతట తానే వెళ్తున్నాడు. ఇందులో ఒక్క పైసా వాటా లేదని, నమ్మమని అన్నాడు.

"వాటా సంగతి కాదు నేనడిగేది. నిద్ర సంగతి. పగలు నిద్రపోకుండా రాత్రి బస్సెలా నడుపుతున్నారండీ?"

"హైదరాబాదులో పడుకుంటాను. వచ్చిన రోజు ఓ గంట నడుం వాలుస్తాను. పదకొండేళ్ల సర్వీసు నాది. బస్సుకి గీత పడలేదు."

"పుళ్ల దగ్గర ఏం పడింది?"

తల తిప్పి పెరటి వైపు చూశాడు. జోగారావు వచ్చాడా అని గాని, ఎవరు చెప్పారని గాని అడగలేదు. గేదె అడ్డం వచ్చిందన్నాడు. అంత పొద్దున గేదెలని విడవరుగా అని తనకే తోచిందేమో, "ఒక్క రెప్పపాటే నాగరత్నం" అన్నాడు.

"ఆ రెప్పపాటులో మీ వెనకాల ఎంతమంది ఉన్నారండి?"

ఆయన వంగి మడిచిన ప్యాంటు అంచులు కిందికి దించుకున్నాడు.

"అంతా టిక్కెట్టు కొనుక్కుని మిమ్మల్ని నమ్మి పడుకున్నవాళ్లు. నేను పడుకోబెట్టింది దిండ్లని. మీరు పడుకోబెట్టింది మనుషుల్ని."

ఆ మాటతో పాండురంగారావుకి కోపం వచ్చింది. మెత్తటి మనిషి, గొంతు పెంచడం తెలియదు. కోపమొస్తే గొంతు ఇంకా కిందికి దిగుతుంది. ఆవిడ చేతిలోకి ఊడివచ్చిన నల్ల తెరని చూపించి అడిగాడు.

"ఇది చూశావా? రాత్రంతా లైటు పడినంత మేర రోడ్డు తప్ప నాకు ఇంకేమీ కనపడదు. తెల్లారి ఇంటికొస్తే నువ్వు మళ్లీ రాత్రి చేసి పెడతావు. రాత్రీ చీకటే, పగలూ చీకటే. మధ్యాహ్నం ఎలా ఉంటుందో మర్చిపోయాను. ఆ గట్టు మీద కూర్చుంటే ఎండ తగులుతుంది. కొంగలు వస్తాయి. నలుగురు పలకరిస్తారు. నేనూ మనిషినే అనిపిస్తుంది."

ఆవిడ ఏదో అనబోయింది. ఆయన ఆగలేదు.

"అంగన్‌వాడీలో పిల్లల్ని తూచినట్టు వారం వారం నన్ను తూకం మీద నిలబెడతావు. ముల్లు ఇటు తిరిగితే నీ ముఖం ఒకలా, అటు తిరిగితే ఒకలా. ఏం తినాలో నువ్వే చెప్పావు. ఎప్పుడు పడుకోవాలో నువ్వే చెప్పావు. ఎలా ఉందండీ అని ఒక్కనాడు అడిగావా? ఆ హోటల్లో బల్ల దగ్గర కూర్చుంటే, ఏం పెట్టమంటారు గురువుగారూ అని అడుగుతారు. ఆ అడగడం కోసం తింటున్నాను, చాలా?"



ఆ మాటల్లో నిజం ఉంది. ఉందని తెలిసేసరికి నాగరత్నం కోపం తగ్గలేదు, రెట్టింపైంది. అబద్ధమాడిన మనిషి అబద్ధమే ఆడాలి గాని మధ్యలో ఇలా నిజం చెబితే దాన్ని ఏం చేసుకోవాలి? తెల్లారగట్ల లేచి జొన్నపిండి తట్టిన చేతులు ఆవిడవి. ఆ రొట్టె ఎలా ఉందని తాను అడగలేదట. నిజమే, అడగలేదు. భయపడింది. భయపడ్డవాళ్లు అడగరు, చెబుతారు.

"నా మీద కోపం ఉంటే నా ఎదురుగా కంచం విసిరికొట్టాల్సింది" అంది చివరికి. "ఊడ్చుకునేదాన్ని. ఆ బస్సులో పడుకున్నవాళ్ల మీద తీర్చుకుంటారా?"

పాండురంగారావు మంచం మీద కూర్చుని తల పట్టుకున్నాడు. ఇప్పుడైనా పడుకోమని, ఈ సాయంత్రం డ్యూటీకి వెళ్లనని డిపోకి కబురు చెయ్యమని ఆవిడ అంది. ఆయన ఒప్పుకోలేదు. ఉన్నట్టుండి మానేస్తే ఎందుకని అడుగుతారు, అడిగితే పరీక్షకి పంపుతారు, పంపితే షుగరు తగ్గలేదని బయటపడుతుంది, స్టీరింగు పోతుంది అన్నాడు. ఆ తర్వాత టిక్కెట్లు చింపే పనో, గ్యారేజీలో చక్రాలు కడిగే పనో ఇస్తారు. డ్రైవరుగా చేరినవాడు డ్రైవరుగానే దిగుతాడన్నాడు. పడుకుని కళ్లు మూసుకున్నాడు గాని నిద్రపోలేదని ఆవిడకి తెలుసు. నిద్రపోయే మనిషి ఊపిరి వేరు. దిండ్లకి ఊపిరి ఉండదన్న సంగతి మాత్రం తనకి ఇన్నాళ్లూ తోచలేదు.

పొద్దు వాలుతుండగా ఆయన లేచి ఖాకీ బట్టలు వేసుకున్నాడు. వంటింట్లో పొయ్యి వెలగలేదు. డబ్బా లేదు. ఆయన అడగలేదు. గుమ్మం దాటుతూ వెనక్కి తిరిగి, "ఎల్లుండి మాట్లాడుకుందాం" అన్నాడు.

నాగరత్నం ముఖం కడుక్కుని, చీర మార్చుకుని, ఆయన వెనకాలే బయల్దేరింది.

బస్టాండులో హైదరాబాదు బస్సు అప్పటికే నిండింది. ముందు సీట్లో ఒక పచ్చి బాలింత ఒళ్లో బిడ్డని పడుకోబెట్టుకుని ఉంది. ఆమె పక్కన తల్లి కాబోలు, కాళ్ల మధ్య మూతికి గుడ్డ వాసెన కట్టిన ఊరగాయ జాడీ పెట్టుకుని కూర్చుంది. జోగారావు బస్సు ఎక్కలేదు. టిక్కెట్ల సంచి చంకన పెట్టుకుని వెనక తలుపు దగ్గర నేల మీద నిలబడ్డాడు. నాగరత్నాన్ని చూసి నమస్కారం కూడా పెట్టలేదు.

పాండురంగారావు సీట్లో కూర్చుని ఇంజను స్టార్టు చేశాడు. అద్దంలో వెనక్కి చూసి హారను కొట్టాడు. బెల్లు మోగలేదు. మళ్లీ కొట్టాడు. మోగలేదు.

నాగరత్నం డ్రైవరు కిటికీ కిందికి వచ్చి నిలబడింది. తల పైకెత్తి చూస్తే ఆయన ముఖం సగమే కనపడుతోంది.

"ఏవండీ."

ఆయన చూశాడు. చూసి, ఇంటికి వెళ్లమన్నట్టు చెయ్యి ఊపాడు.

"ఈ పగలు ఎంతసేపు నిద్రపోయారండి?"

ఇంజను చప్పుడులో వినపడిందో లేదో. ఆవిడ మళ్లీ అడిగింది. ఈసారి అంగన్‌వాడీలో నలభైమంది పిల్లల మీదుగా వినపడే గొంతుతో అడిగింది.

ముందు సీట్లో బాలింత తల తిప్పింది. ఏమిటట అని తల్లి అడిగింది. వెనకాల ఎవరో లేచి ముందుకొచ్చారు. డ్రైవరుగారు నిద్రపోలేదా అని ఒకరు, ఎవరావిడ అని ఒకరు. ఆ మాట సీటు నుంచి సీటుకి పాకుతూ బస్సు చివరిదాకా వెళ్లింది. బాలింత బిడ్డని భుజాన వేసుకుని, చెప్పులు వెతుక్కుని, మెట్లు దిగిపోయింది. జాడీ పట్టుకుని తల్లి ఆమె వెనకాల దిగింది.

పాండురంగారావు ఆ ఇద్దరూ దిగడం అద్దంలో చూశాడు.

ఇంజను ఆగింది. ఆయన తలుపు తీసుకుని కిందికి దిగాడు. నాగరత్నం పక్కనుంచే నడిచాడు, ఖాకీ చొక్కా చెయ్యి ఆవిడ భుజానికి రాసుకుంది. ముఖం చూడలేదు. తాళం తీసుకెళ్లి జోగారావు చేతిలో పెట్టాడు. బస్టాండు ఆ చివర నిడమర్రు బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. పాసింజరులా మెట్లెక్కి, కిటికీ పక్కన కూర్చున్నాడు.

గొడవ విని కంట్రోలరు గదిలోంచి పరుగున వచ్చాడు. పెద్ద మనిషి, పాండురంగారావుతో కలిసి పనిచేసినవాడు. సంగతి సగం చూసి సగం ఊహించుకుని, ముందు వేరే డ్రైవరు కోసం మనిషిని పంపాడు. తర్వాత నాగరత్నాన్ని పక్కకి పిలిచి, జోగారావుని కూడా రమ్మన్నాడు.

"చూడమ్మా, ఒంట్లో బాగోలేదని చెప్పేస్తాను. నాలుగు రోజులు సెలవు పెట్టి వచ్చేస్తాడు. అంతకన్నా మీరేదైనా చెబితే నేను పైవాళ్లకి చెప్పాలి. ఆ తర్వాత నా చేతిలో ఉండదు. ఏమంటారు?"

ఒంట్లో బాగోలేదన్న మాట అబద్ధం కూడా కాదు. తల ఊపితే చాలు. నాగరత్నం తల ఊపబోయింది. అటు నిడమర్రు బస్సు కదిలింది. కిటికీలోని మనిషి ఇటు చూడలేదు. ఎల్లుండి వల దింపుతారు. నాలుగు రోజుల తర్వాత మళ్లీ ఈ బస్సు, మళ్లీ ఆ రోడ్డు, పక్కన పంటకాలవ.

"ఆయన పగలు నిద్రపోవడం లేదండి" అంది. "నాలుగు నెలలయింది. ఇవాళ తెల్లారగట్ల పుళ్ల దగ్గర బస్సు రోడ్డు దిగిందండి. ఇది రెండోసారి."

పొద్దుటినుంచి ఆ నోట్లోంచి వచ్చిన మాటల్లో కోపం లేకుండా వచ్చినది అదొక్కటే.

కంట్రోలరు మాత్రం ఆవిడ వైపు చూడడం లేదు. ఆయన కళ్లు జోగారావు మీద ఉన్నాయి.

"రెండోసారా?" అన్నాడు. "మొదటిసారి ఎప్పుడయ్యా? నాకు చెప్పలేదేం? దాచినందుకు నీ మీదా రాయాల్సొస్తుంది."

జోగారావు చేతిలో బస్సు తాళం ఇంకా అలాగే ఉంది. పిల్లలున్నారండి అని పొద్దున ఆవిడ ఇంట్లో నిలబడి చెప్పిన ఆ మనిషి, ఇప్పుడు నాగరత్నం ముఖంలోకి తిన్నగా చూశాడు.